‘ఈ-కుబేర్‌లో పెండింగ్’: ఆ మాట వెనుక ఉన్న ఖజానా చరిత్ర

తెలంగాణలో ప్రభుత్వోద్యోగులు నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘బిల్లు పాసైంది, ఈ-కుబేర్‌లో పెండింగ్‌లో ఉంది.’ సరెండర్ లీవు, మెడికల్ రీయింబర్స్‌మెంట్, జీపీఎఫ్ (భవిష్య నిధి) పార్ట్ ఫైనల్, డీఏ (కరువు భత్యం) బకాయిలు... బిల్లు ఏదైనా జవాబు అదే. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే బాధకు పేరు వేరు: ‘సీఎఫ్ఎంఎస్‌లో ఆగింది’. సీఎఫ్ఎంఎస్ అంటే అక్కడి ప్రభుత్వ బిల్లుల కంప్యూటర్ వ్యవస్థ. వినేవాళ్లకు తమ డబ్బు రిజర్వు బ్యాంకు కంప్యూటర్లలో ఎక్కడో ఇరుక్కుందేమో అనిపిస్తుంది. జరిగేది అది కాదు. ఈ-కుబేర్ రిజర్వు బ్యాంకు 2012 నుంచి నడుపుతున్న కోర్ బ్యాంకింగ్ వ్యవస్థ. రాష్ట్ర ప్రభుత్వం నుంచి చెల్లింపు ఆదేశం సరిగ్గా అందితే, ఖాతాలో నిల్వ ఉంటే, దాన్ని నెలల తరబడి తన దగ్గర పెట్టుకోదు. ‘ఈ-కుబేర్‌లో పెండింగ్’ అని చెప్పే బిల్లు చాలాసార్లు రిజర్వు బ్యాంకు గడప తొక్కనే లేదు. ట్రెజరీ దాటి, ఆర్థిక శాఖ విడుదల చేయాల్సిన వరసలో కూర్చుని ఉంది. ఈ వరస ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కాగితం బిల్లుల రోజుల నుంచి మొదలుపెట్టాలి.

ఖజానా అంటే ఒకప్పుడు నిజంగా డబ్బు పెట్టె. జిల్లాలో అది కలెక్టరు చేతి కింద ఉండేది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు తాళపు చెవులు. బ్యాంకు ఉన్న ఊళ్లలో నగదు పని స్టేట్ బ్యాంకుకు, తెలంగాణ ప్రాంతంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుకు వెళ్లాక ఖజానాకు మిగిలింది బిల్లు తనిఖీ, లెక్క రాయడం. డ్రాయింగ్ అధికారి, అంటే డీడీఓ, ఫారం 47 మీద జీతాల బిల్లు రాయించేవాడు. దానికి జీపీఎఫ్‌కు ఒక షెడ్యూలు, ప్రభుత్వ జీవిత బీమాకు ఒకటి, వృత్తి పన్నుకు ఒకటి. ఫారం 101 అనే పేపర్ టోకెన్‌తో సహా బిల్లును ఉప ఖజానా కిటికీ దగ్గర ఇస్తే టోకెన్ నంబరు పడేది. అకౌంటెంటు చూసేవి నాలుగు: డీడీఓ సంతకం నమూనాతో సరిపోయిందా, మంజూరు ఉత్తర్వు ఉందా, ఆ పద్దులో బడ్జెట్ ఉందా, కూడికలు సరిగ్గా ఉన్నాయా. అన్నీ సరిపోతే ఉప ఖజానా అధికారి, అంటే ఎస్టీఓ, బిల్లు మీదే ‘చెల్లించవచ్చు’ అని రాసేవాడు. ఆ బిల్లే బ్యాంకుకు వెళ్లేది. రోజు ముగిసేసరికి బ్యాంకు ఒక స్క్రోలు (ఆ రోజు చెల్లింపుల జాబితా), చెల్లించిన వోచర్లు ఖజానాకు పంపేది. ఖజానా వాటిని నెలకు రెండు జాబితాలుగా, రాష్ట్ర లెక్కలు కూర్చే అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి పంపేది.

ఈ పద్ధతిలో అసలు లోపం ఆలస్యం కాదు. ‘బడ్జెట్ ఉందా’ అన్న మూడో ప్రశ్నకు అకౌంటెంటు దగ్గర నమ్మదగిన జవాబు లేకపోవడం. ఒకే శాఖకు, ఒకే పద్దు కింద, తెనాలిలో ఎంత ఖర్చైందో నరసరావుపేట ఉప ఖజానాకు తెలిసే దారి లేదు. శాఖాధిపతి ఉత్తరం రాసి ఇంత కేటాయించామంటే అదే ప్రమాణం. మొత్తం మీద పద్దు దాటి ఖర్చు చేశారని తేలేది సంవత్సరం ముగిశాక, అకౌంటెంట్ జనరల్ లెక్కలు కూడిన తర్వాతే. అప్పటికి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది, శాసనసభ చేయగలిగింది తర్వాత క్రమబద్ధం చేయడమే.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి అవసరమైన పునాది మాత్రం కంప్యూటర్ల కంటే ముందే పడింది. 1974 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా పద్దుల వర్గీకరణ మారింది. ఏ శాఖ ఖర్చు చేసిందన్నది పక్కనపెట్టి, ఏ పని కోసం ఖర్చైందన్నదాని మీద అంకెలు వేశారు. 1987 ఏప్రిల్ నుంచి అవి ఇప్పటి నాలుగంకెల రూపానికి వచ్చాయి: 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, 2071 పింఛన్లు, 8443 సివిల్ డిపాజిట్లు, 8658 సస్పెన్స్. నాలుగు అంకెల మేజర్ హెడ్, రెండంకెల సబ్ మేజర్, మూడంకెల మైనర్, వాటి కింద రాష్ట్రాలు వేసుకునే ఉప పద్దులు. ఈ అంకెల గొలుసు లేకుండా ఆ తర్వాత వచ్చిన ఏ సాఫ్ట్‌వేరూ నిలబడేది కాదు. చరిత్ర చెప్పేవాళ్లు తరచూ వదిలేసే భాగం ఇదే.

జాతీయ సమాచార కేంద్రం, అందరూ ఎన్ఐసీ అనేది, 1976లో ఏర్పడింది. 1980ల చివరికి ఉపగ్రహ నెట్‌వర్కు కలెక్టరేట్లకు చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ల శాఖ ‘కార్డ్’ పథకంతో 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటర్ల మీదికి తెచ్చింది. దాని గురించి దేశమంతా మాట్లాడింది, ఎందుకంటే జనం కళ్ల ముందు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) చేతికొచ్చింది. ఖజానాల కంప్యూటరీకరణకు అంత ప్రచారం రాలేదు. అక్కడ మొదట చేసింది కాగితం మీద రాసిన బిల్లును మళ్లీ కంప్యూటర్లో ఎక్కించడమే. అకౌంటెంట్ జనరల్ కార్యాలయాలు కూడా తమ వైపు వోచర్ స్థాయి కంప్యూటరీకరణ మొదలుపెట్టాయి. అంటే ఒకే వోచరు రెండు కార్యాలయాల్లో, ఇద్దరు మనుషుల చేతుల్లో, రెండుసార్లు నమోదయ్యేది. రెండింటి మధ్య తేడాలు రాకుండా ఎలా ఉంటాయి? వాటిని సరిచూడటానికి మళ్లీ రీకన్సిలియేషన్, దానికి మళ్లీ శాఖల గుమాస్తాలు.

పైకి చిన్నగా కనిపించే రెండు నంబర్లు ఈ దశలో పెద్ద మార్పు తెచ్చాయి. ప్రతి డ్రాయింగ్ అధికారికీ 11 అంకెల డీడీఓ కోడ్, ప్రతి ఉద్యోగికీ 7 అంకెల ట్రెజరీ ఐడీ. డీడీఓ కోడ్‌లో ముందున్న అంకెలు జిల్లానూ ఖజానానూ, తర్వాతివి శాఖనూ చెబుతాయి. ఐడీ లేని పేరుకు జీతం బిల్లులో చోటు లేదు, ఒకే ఐడీ రెండు బిల్లుల్లో ఎక్కదు. లేని ఉద్యోగి పేరుతో జీతం తీసే పాత మోసానికి ఇంత గట్టి అడ్డుకట్ట అంతకు ముందు ఏ ఉత్తర్వూ వేయలేకపోయింది.

పక్కనే కర్ణాటక 2002లో ‘ఖజానె’ పేరుతో 200కు పైగా ఖజానాలను ఉపగ్రహ లింకులతో బెంగళూరుకు కలిపింది. అన్ని రాష్ట్రాలనూ ఆ దారిలోకి తేవడానికి 2010లో కేంద్రం ఖజానాల కంప్యూటరీకరణను మిషన్ మోడ్ ప్రాజెక్టుగా ఆమోదించి రూ. 626 కోట్లు కేటాయించింది. జిల్లాకు గరిష్ఠంగా రూ. 75 లక్షలు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ఈ-కుబేర్‌ను రాష్ట్రాల ఖజానా వ్యవస్థలతో నేరుగా కలపడం మొదలైంది. ఖజానా పాస్ చేసిన చెల్లింపులన్నీ డిజిటల్ సంతకంతో ఒక ఫైలుగా రిజర్వు బ్యాంకుకు వెళ్తాయి. బ్యాంకు రాష్ట్ర ఖాతాను డెబిట్ చేసి, డబ్బును లబ్ధిదారు బ్యాంకుకు పంపి, ఏది చేరిందో ఏది తిరిగొచ్చిందో తిరుగు ఫైలులో చెబుతుంది. మధ్యలో ఊళ్లోని బ్యాంకు శాఖ, కాగితం స్క్రోలు రెండూ పోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2018-19 ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, ఏప్రిల్‌లో, సీఎఫ్ఎంఎస్ అమల్లోకి వచ్చింది. జర్మనీ కంపెనీ సాప్ సాఫ్ట్‌వేరు మీద కట్టిన వ్యవస్థ అది. బిల్లు తయారు చేసేవారు మేకర్, సరిచూసేవారు చెకర్, పంపేవారు సబ్‌మిటర్ అని మూడు పాత్రలు, వేలిముద్రతో ధ్రువీకరణ. తెలంగాణ ఇలాంటిదే తన సొంత వ్యవస్థ ఐఎఫ్ఎంఐఎస్ మీదికి మారింది. తెనాలి, నరసరావుపేట సమస్య ఇక్కడితో తీరింది. బిల్లు ఎక్కిస్తున్న క్షణంలోనే రాష్ట్రమంతటి మీద ఆ పద్దులో ఎంత మిగిలిందో తెరమీద ఉంటుంది, మిగలకపోతే బిల్లు ముందుకు పోదు. ఇది నిజమైన మేలు. దీన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

అయితే బడ్జెట్ వేరు, నగదు వేరు. శాసనసభ ఆమోదించిన బడ్జెట్ ఖర్చు పెట్టడానికి అనుమతి మాత్రమే. ఆ రోజు రాష్ట్ర ఖాతాలో ఎంత ఉందన్నది వేరే లెక్క. రిజర్వు బ్యాంకు దగ్గర ఆంధ్రప్రదేశ్ రోజూ ఉంచాల్సిన కనీస నిల్వ రూ. 1.94 కోట్లు, తెలంగాణది రూ. 1.38 కోట్లు. రెండూ ఏ మూలకూ రానంత చిన్న మొత్తాలు. అది తగ్గితే రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక చేబదుళ్లు, చేబదుళ్ల పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్టు. వరసగా 14 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్టులో ఉంటే మామూలు నిబంధన ప్రకారం రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపేయొచ్చు. అందుకే ఆర్థిక శాఖ రోజూ ఖాతా చూసి, మంగళవారం రుణపత్రాల వేలంలో ఎంత వస్తుందో లెక్కేసి, ముందు జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాలు పంపి, మిగిలితే మిగతావి వదులుతుంది. బడ్జెట్ తనిఖీ దాటి, నగదు కోసం ఆగిన బిల్లులే ‘ఈ-కుబేర్ పెండింగ్’.

నగదు కొరత కొత్తది కాదు. పాత రోజుల్లోనూ ఖజానాలకు ‘ఫ్రీజింగ్’ ఉత్తర్వులు వచ్చేవి: జీతాలు, పింఛన్లు తప్ప మరేవీ పాస్ చేయొద్దని. కానీ అవి రాతపూర్వకంగా వచ్చేవి, పత్రికల్లో పడేవి, ఎత్తేసిన తేదీ అందరికీ తెలిసేది. ఇప్పుడు అలాంటి ఉత్తర్వే అక్కర్లేదు. విడుదల చేయకుండా ఊరుకుంటే చాలు. నిర్ణయం తీసుకునే చోటు మండలంలోని కిటికీ నుంచి రాజధానికి మారింది, నిర్ణయం తీసుకున్న ఆనవాలు మాత్రం బయటికి రావడం లేదు. ఈ వ్యవస్థలన్నిటిలో నాకు కనిపించే అతి పెద్ద లోటు ఇదే. ఇది సాఫ్ట్‌వేరు లోపం కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి కట్టని భాగం.

కేంద్రీకరణ ఎంత శక్తిమంతమో ఆంధ్రప్రదేశ్‌లో మూడు సందర్భాలు చూపించాయి. 2020-21 లెక్కల్లో రూ. 40 వేల కోట్లకు పైగా మొత్తం ‘స్పెషల్ బిల్లు’ల పేరుతో నమోదైందని, ఖజానా నియమావళిలో అలాంటి బిల్లే లేదని ఆడిట్ అభ్యంతరం చెప్పింది. అవి నగదు చెల్లింపులు కావని, సర్దుబాటు నమోదులని ప్రభుత్వం వివరించింది. వివరణ సరైనదే అనుకున్నా, డీడీఓ, ఎస్టీఓ సంతకాలు లేకుండా వెనుక నుంచి నమోదు చేసే తలుపు వ్యవస్థలో ఉందన్నది తేలింది. 2021 నవంబరులో పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని సర్పంచులు ఆందోళనకు దిగారు. పూర్వం అన్ని వేల పంచాయతీల నుంచి డబ్బు తీయాలంటే అన్ని వేల సంతకాలు కావాలి. 2022 జూన్‌లో ఉద్యోగుల జీపీఎఫ్ ఖాతాల్లో జమైన డీఏ బకాయిలు వెనక్కి పోయాయని సంఘాలు బయటపెట్టాయి. దాదాపు రూ. 800 కోట్లన్నది వాళ్ల లెక్క. సాంకేతిక కారణమని జవాబొచ్చింది.

ఇవి పెద్దవి. రోజూ పీడించేవి చిన్నవి. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు, 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు విలీనమయ్యాయి, వాటితోపాటు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లూ మారాయి. పాత కోడ్‌తో ఉన్న లబ్ధిదారు ఐడీకి వెళ్లిన డబ్బు తిరిగొస్తుంది. తిరిగొచ్చినది ఖర్చు పద్దులోకి రాదు, లెక్క తేలని మొత్తాలు ఉంచే 8658 సస్పెన్స్‌లో కూర్చుంటుంది. ఖజానా లెక్కలో ఆ బిల్లు చెల్లించినట్టే. డీడీఓ తిరుగు జాబితా చూసి, వివరాలు సరిచేసి, సస్పెన్స్ నుంచి చెల్లించమని మళ్లీ బిల్లు పెడితేనే డబ్బు కదులుతుంది. చూడకపోతే సంవత్సరాలు గడిచినా కదలదు.

అన్నిటికంటే అన్యాయం మార్చి 31 రాత్రి జరుగుతుంది. అప్పటికి విడుదల కాని బిల్లు సాధారణంగా మురిగిపోతుంది, టోకెన్ రద్దవుతుంది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ వచ్చాక మళ్లీ పెట్టాలి, కొత్త టోకెన్ తీసుకోవాలి. ఆగస్టులో పెట్టిన బిల్లుకు ఎనిమిది నెలల నిరీక్షణ సున్నా అయిపోతుంది. ఏప్రిల్‌లో తొలిసారి పెట్టినవాడూ ఇతనూ ఒకే వరసలో. మొదట టోకెన్ పడిన తేదీని తర్వాతి సంవత్సరానికి మోసుకెళ్లడం ప్రోగ్రామర్లకు కష్టమైన పని కాదు.

వరస ఇంకా బిగుసుకునే కారణం ఒకటి కేంద్రం వైపు నుంచి వస్తోంది. 2021 జులై నుంచి ప్రతి కేంద్ర పథకానికీ రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా ఉండాలన్నారు. 2023లో మొదలైన స్పర్శ్ విధానంలో ఆ ఖాతాలో కూడా డబ్బు ముందుగా పడదు, బిల్లు పెట్టిన వేళకే కేంద్రం వాటా, రాష్ట్రం వాటా కలిపి ఈ-కుబేర్ ద్వారా కదులుతాయి. పథకం డబ్బు ఖాతాల్లో ఊరికే పడి ఉండకుండా చేయడం దీని లక్ష్యం, అది మంచిదే. కానీ ఆ నిల్వలనే రాష్ట్రాలు ఇన్నాళ్లూ గడ్డు రోజుల్లో ఊతంగా వాడుకున్నాయి. ఊతం పోయిన చోట ముందుగా ఆగేవి మెడికల్ బిల్లులు, చిన్న కాంట్రాక్టర్ల బిల్లులే. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల పెండింగ్ బిల్లులకు నెలకు రూ. 700 కోట్ల చొప్పున విడుదల చేస్తామని ప్రకటించింది. నెలకింత అన్న అంకె బయటికి చెప్పడం మేలైన మార్పు. ఆ 700 కోట్లలో ఏ తేదీ వరకు టోకెన్ పడిన బిల్లులు తీరాయో కూడా ప్రతి నెలా చెబితే వరసలో ఉన్నవాడికి తన చోటు తెలుస్తుంది.

అంతవరకు బిల్లు ఆగినవారు డీడీఓను అడగాల్సినవి: టోకెన్ నంబరు, తేదీ ఏమిటి, బిల్లు ట్రెజరీలో పాసైందా, అభ్యంతరంతో వెనక్కి వచ్చిందా, మార్చిలో రద్దైన జాబితాలో ఉందా, ఉంటే మళ్లీ పెట్టారా, లబ్ధిదారు ఖాతా కోడ్ కొత్తదేనా. వీటిలో ఏ ప్రశ్నకైనా ‘చూసి చెబుతా’ అన్న జవాబొస్తే, చూసేదాకా అక్కడే కూర్చోవడం మంచిది.