క్లాసులు రాసే పద్ధతి గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు, అంటే ఒకే రకం వస్తువులను తయారుచేసే అచ్చుల్లాంటివి, రాయడం మొదలుపెట్టారనీ, ప్రోగ్రాము సరిగ్గా నడుస్తున్నప్పుడు పేర్లు ఎలా పెడితేనేం అని అడుగుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. అడగవలసిన ప్రశ్నే. యంత్రానికి ఏ పేరైనా ఒకటే. కానీ ఆరు నెలల తరువాత ఆ ప్రోగ్రాములో మార్పు చేయవలసి వస్తే మీరో, మీ తోటివారో దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. రాయడం కన్నా చదవడమే ఎక్కువసార్లు జరుగుతుందన్నది పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రోసమ్ అభిప్రాయం. 2001లో వెలువడిన పెప్ 8 అనే పైథాన్ శైలి నియమపత్రానికి ఆధారం అదే.

గ్రంథాలయ సభ్యత్వ కార్డు కోసం ఒక క్లాసు రాస్తున్నారనుకోండి. క్లాసు పేరు నామవాచకంగా ఉండాలి. అందులోని ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలై, మధ్యలో ఖాళీ లేకుండా కలిసిపోవాలి. పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం వంటి పనులు చేసే మెథడ్‌ల పేర్లు క్రియల్లా ఉండాలి. వాటిని చిన్న అక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య అండర్‌స్కోర్ (_) గీతతో రాయాలి. ఇలా రాస్తే, ఒక పంక్తిలో కొత్త ఆబ్జెక్టు, అంటే ఆ క్లాసు నుంచి తయారయ్యే ఒక కార్డు, పుడుతోందో, ఉన్న ఆబ్జెక్టు చేత పని చేయిస్తున్నామో చూడగానే తెలిసిపోతుంది. మెథడ్ అందుకునే మొదటి పరామితికి, అంటే అది ఏ ఆబ్జెక్టు మీద పనిచేస్తోందో ఆ ఆబ్జెక్టుకు, సెల్ఫ్ అన్న పేరు భాష విధించినది కాదు, వేరే పేరు పెట్టినా నడుస్తుంది. అయినా దాన్ని మార్చకండి, చదివేవాళ్లందరి కళ్లూ ఆ పేరు కోసమే వెతుకుతాయి.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. సభ్యుడు తీసుకున్న పుస్తకాల జాబితాను, కొత్త ఆబ్జెక్టు పుట్టగానే నడిచే ఇనిట్ మెథడ్ లోపల సెల్ఫ్‌కు తగిలించి పెట్టాలి. అలా కాకుండా ఖాళీ జాబితాను క్లాసు పేరు కిందే నేరుగా రాస్తే, ఆ ఒక్క జాబితానే కార్డులన్నీ పంచుకుంటాయి. ఒక సభ్యుడికి ఇచ్చిన పుస్తకం మిగతా అందరి ఖాతాల్లోనూ కనిపిస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, అందుకే ఈ తప్పును పట్టుకోవడం అంత కష్టం. అందరికీ ఉమ్మడిగా ఉండి ఎన్నడూ మారని విలువలను, ఉదాహరణకు ఒకరు గరిష్ఠంగా ఎన్ని పుస్తకాలు తీసుకోవచ్చన్న సంఖ్యను, క్లాసు స్థాయిలో అన్నీ పెద్ద అక్షరాలతో రాయండి.

జావా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ప్రైవేట్ అని రాస్తే బయటివారు ముట్టుకోకుండా, ప్రోగ్రామును అనువదించే కంపైలరే అడ్డుకుంటుంది. పైథాన్‌లో ఆ కాపలా లేదు. పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడితే, ఇది క్లాసు లోపలి వ్యవహారం, రేపు మారిపోవచ్చు, దీనిమీద ఆధారపడకండి అని ఇతరులకు చెప్పినట్టు. ఆ మాటను మన్నించడం మన మర్యాద. రెండు అండర్‌స్కోర్‌లు పెడితే తాళం పడుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పైథాన్ ఆ పేరుకు క్లాసు పేరును జోడించి మారుస్తుందంతే, దాన్నుంచి పుట్టిన పిల్ల క్లాసుల్లోని పేర్లతో ఢీకొనకుండా. అవసరం లేనిదే దాన్ని వాడకండి. అలాగే జావా అలవాటుతో ప్రతి విలువకూ దాన్ని చదివే గెట్, మార్చే సెట్ మెథడ్‌లు రాయకండి. మామూలు ఆట్రిబ్యూట్‌గా, అంటే ఆబ్జెక్టుకు తగిలించిన విలువగా, ఉంచితే చాలు. తరువాత తనిఖీ అవసరమైతే ప్రాపర్టీగా, అంటే పైకి విలువలా కనిపిస్తూ లోపల మెథడ్‌ను నడిపేదిగా, మార్చుకోవచ్చు, దాన్ని వాడుతున్నవారి కోడ్‌లో ఒక్క అక్షరమైనా మారదు.

మెథడ్‌ల మధ్య ఒక ఖాళీ వరుస, క్లాసుకు ముందూ వెనకా రెండేసి వరుసలు వదలండి.

ఇక మీరు పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ అనే సాధనంతో ప్రోగ్రాముకు పరీక్షలు రాసేటప్పుడు ఈ నియమాలకు విరుద్ధమైన పేర్లు ఎదురవుతాయి. జావాలోని జేయూనిట్ అనే అలాంటి సాధనాన్ని చూసి తయారుచేసినది కావడంతో, అందులో ప్రతి పరీక్షకూ ముందు నడిచే సెటప్ (setUp) మెథడ్ పేరులో అండర్‌స్కోర్ ఉండదు, మధ్యలో యూ మాత్రం పెద్ద అక్షరం. అక్కడ పెప్ 8 ప్రకారం సరిదిద్దబోకండి. పేరు మారిస్తే పైథాన్ ఏ ఫిర్యాదూ చేయదు, ఆ మెథడ్‌ను పిలవకుండా వదిలేస్తుంది.

మీ పెదనాన్న