నంబరు లేని మనిషి

అనంతపురం

చిరంజీవి మనవరాలికీ, తన తరగతి పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. రాజకీయ లాబీయింగ్‌ను చట్టంతో నియంత్రించాలా వద్దా అని మీ టీచరు వాదన పోటీ పెట్టారనీ, ఆ మాటకు అర్థం అడిగితే మీ నాన్న ‘పైరవీ’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడనీ రాశావు. పైరవీ తప్పు కదా తాతా, తప్పయితే నిషేధించాలి గానీ నియంత్రించడం ఏమిటి అన్నది నీ సందేహం. అడగవలసిన మనిషినే అడిగావు. కలెక్టరు కచేరీ ఎదుట వేపచెట్టు కింద ముప్ఫై నాలుగేళ్లు కూర్చుని అర్జీలు టైపు చేసి సంసారం ఈదినవాణ్ణి. ఒకరి దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ల తరఫున ప్రభుత్వానికి మొర వినిపించే కాగితం తయారు చేయడమే నా పని. సరిగ్గా లెక్క తీస్తే నేనూ లాబీయిస్టునే, కాగితానికి పది రూపాయల లాబీయిస్టును. నా టైపు మిషను మీద అన్నిటికంటే ముందు అరిగిపోయిన అక్షరం ‘అ’. అయ్యా, అర్జీ, అనంతపురం, ప్రతి కాగితమూ దానితోనే మొదలయ్యేది మరి.

ముందు మాట సంగతి. పైరవీ ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. వెంట నడవడం, ఒక వ్యవహారం వెంటపడి నడిపించడం అని అర్థం. అందులో తిట్టు ఏమీ లేదు, వాడినవాళ్ల వల్ల అంటుకుంది. లాబీ అంటే చట్టసభలో సభ్యులు కూర్చునే హాలు బయట ఉండే నడవా. తమ గోడు చెప్పుకోవాలని వచ్చినవాళ్లు ఆ నడవాలో నిలబడి, వచ్చేపోయే సభ్యులను పట్టుకునేవారు. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ ఒక హోటలు వసారాలో చుట్ట తాగుతూ ఉంటే జనం మూగేవారనీ, ఈ మాట అక్కడ పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉంటుంది గానీ నిజం కాదు. ఆయన అధ్యక్షుడు కాకముందే ఆ మాట వాడుకలో ఉంది. పోటీలో ఎదుటి జట్టు ఆ కథ చెబితే పట్టుకోండి.

మొర పెట్టుకోవడం నేరం కాదు. మన రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది, ఎవరూ పెద్దగా చదవరు. కష్టం తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు, కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడే ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు అంటుంది. ఇంగ్లీషు రాదు కదా అని బిక్కమొహంతో వచ్చిన ఎందరికో ఆ అంకె చెప్పాను. పదిమంది గుమిగూడి అడగడానికీ, సంఘం పెట్టుకోవడానికీ 19వ అధికరణం ఉండనే ఉంది. కాబట్టి లాబీయింగ్‌ను నిషేధించాలని వాదించకండి. నిషేధిస్తే మొట్టమొదట నోరు మూతపడేది వేరుశనగ రైతుకే.

మన జిల్లా సంగతే చూడండి. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో మొదలైంది మన దగ్గరే. ఆ చట్టం ఎవరో మంత్రికి కలలోకి వచ్చి పుట్టలేదు. కూలీ సంఘాలవాళ్లు, ఆర్థికవేత్తలు, హక్కుల కార్యకర్తలు ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు, యాత్రలు చేశారు, ముసాయిదాలు రాసి ఇచ్చారు, ఎంపీలను కలిశారు. వద్దు, ఖజానా ఖాళీ అవుతుంది అన్నవాళ్లూ అంతే గట్టిగా చెప్పుకున్నారు. ఇదంతా ఒత్తిడే. కాకపోతే ఎవరు ఏమి అడుగుతున్నారో రోజూ పేపర్లో వచ్చేది.

ఇంకాస్త పాత కథ కర్నూలు, కడపలది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా తవ్విన కేసీ కాలువను మీరు చూశారు కదా, మీ మేనత్త పెళ్లికి వెళ్లినప్పుడు. దాన్ని మొదట తవ్వించింది ప్రభుత్వం కాదు, లండన్‌లో పెట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. గోదావరివాళ్లు దేవుడిలా తలచుకునే కాటన్ దొర, రైళ్లకంటే కాలువలు మేలని ఇంగ్లండులో అలుపు లేకుండా వాదించాడు. కంపెనీ వాటాదారులకు పది లక్షల పౌండ్ల మీద నూటికి అయిదు చొప్పున వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ రాసిచ్చింది. కాలువకు లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ మాత్రం ఆగదు. అది ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడి శిస్తులోంచి. అనుకున్నంత మంది రైతులు నీళ్లు తీసుకోలేదు, కంపెనీ కుదేలైంది, చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది. కాటన్ మోసగాడు కాదు, మంచి కోరినవాడు. కాలువ ఇవాళ్టికీ పొలాలు తడుపుతోంది. అయినా నాకు ఒకటి అడగాలనిపిస్తుంది: లండన్‌లో ఆ హామీ మీద మాట్లాడుకుంటున్న గదిలో నంద్యాల రైతు తరఫున ఎవరున్నారు? మంచి పని కోసం చేసినా, మూసిన తలుపుల వెనక జరిగిన బేరంలో లేనివాడి నెత్తినే బరువు పడుతుంది.

ఇప్పుడు నేను కళ్లారా చూసినది చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఒక ఊరి పక్క రాతి క్వారీకి అనుమతి ఇవ్వబోతున్నారని తెలిసి ఇరవై మంది దాకా రైతులు నా దగ్గరకు వచ్చారు. పేలుళ్లకు బోరుబావులు పూడిపోతాయని వాళ్ల భయం. మహజరు, అంటే అందరూ కలిసి పెట్టుకునే అర్జీ, రాయమన్నారు. మూడు పేజీలు టైపు చేశాను, అడుగున సంతకాలు, వేలిముద్రలు. సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే కలెక్టరు కచేరీలో జనం అర్జీలు తీసుకునే రోజున, వరుసలో నిలబడి, మధ్యాహ్నం దాటాక ఇచ్చారు. దానికి ఒక నంబరు పడింది, తారీఖు ముద్ర పడింది, రసీదు ఇచ్చారు. తపాలు రిజిస్టరులో ఎక్కింది. ఏ సెక్షనుకు వెళ్లింది, ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఉంది, అన్నీ అందులో ఉంటాయి.

మరునాడు మంగళవారం, మామూలుగా గేటు తీయని వేళ, తెల్లటి కారు వచ్చింది. ఖద్దరు చొక్కా మనిషి దిగి పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లాడు. గంటసేపు ఉన్నాడు. క్వారీవాళ్ల మనిషని టీ కొట్టు కుర్రాడికి సైతం తెలుసు. ఆ మనిషికి నంబరు పడలేదు. ఏమి అడిగాడో ఏ రిజిస్టరులోనూ లేదు. రెండు నెలలకు అనుమతి వచ్చింది. ఆయన చెప్పిన మాట వల్లే వచ్చిందని నేను అనను, నాకు రుజువు లేదు. న్యాయంగానే వచ్చి ఉండవచ్చు. కానీ ఆ రైతులు సమాచార హక్కు కింద అడిగితే వాళ్ల మూడు పేజీల నకలు వాళ్లకే ఇచ్చారు. రెండో మనిషి సంగతి అడిగితే సమాచారం లేదన్నారు. అబద్ధం కాదది. 2005 చట్టం ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, రాయని కాగితాన్ని పుట్టించలేదు.

మీ వాదనకు కీలకం ఇక్కడే ఉందని నా ఉద్దేశం. లంచం వేరు, లాబీయింగ్ వేరు. లంచానికి 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది, 2018లో దాన్ని సవరించారు, ఇచ్చినవాడికీ శిక్ష ఉంది. రూపాయి చేతులు మారకుండా, చనువుతో, పదేపదే కలవడంతో, లెక్కల కాగితాలతో నిర్ణయాన్ని తిప్పుకోవడం లాబీయింగ్. దీనికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. తప్పనీ లేదు, ఒప్పనీ లేదు, రాసి ఉంచమనీ లేదు.

అలా లేకపోతే ఏమవుతుందో 2012లో చూశాం. వాల్‌మార్ట్ కంపెనీ తాను 2008 నుంచి లాబీయింగ్‌కు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చు పెట్టినట్టు, అందులో భారత మార్కెట్ ప్రవేశం కూడా ఒక అంశమైనట్టు అమెరికా చట్టసభకు ఇచ్చిన నివేదికల్లో బయటపడింది. అక్కడ అలా చెప్పడం తప్పనిసరి. పార్లమెంటు అట్టుడికింది, రిటైర్డ్ న్యాయమూర్తి ముద్గల్‌తో ఒక కమిటీ వేశారు. ఆ ఖర్చు అమెరికాలో, అక్కడి చట్టం ప్రకారం చేసినదేనని కంపెనీ చెప్పుకుంది. అది అలా ఉంచండి. మన అంగడి సంగతి మనకు పొరుగింటి పద్దు పుస్తకం చూస్తే తెలిసింది! మరుసటి ఏడాది లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ లోక్‌సభలో ఒక సభ్యుడు సొంతంగా బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు.

అమెరికాలో చట్టం ఉంది కాబట్టి అంతా బాగుందని చెప్పేయకండి, ఎదుటివాళ్లు చీల్చి చెండాడతారు. 1946లో ఒకటి, 1995లో ఇంకా గట్టిది వచ్చాయి. లాబీయింగ్‌కు అక్కడ ఏటా నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతున్నట్టు రికార్డుల్లోనే కనిపిస్తుంది. రిజిస్టరు పెట్టినంత మాత్రాన తగ్గలేదు. పైగా ఒక కక్షిదారు కోసం తన పని వేళలో ఇరవై శాతం కూడా లాబీయింగ్‌కు వెచ్చించనివాడు పేరు నమోదు చేసుకోనక్కరలేదు. ‘సలహాదారు’ అని బోర్డు పెట్టుకుంటే సరి.

బ్రిటన్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. డేవిడ్ కామెరాన్ 2010లో, ఇంకా ప్రధాని కాకముందు, రాబోయే పెద్ద కుంభకోణం లాబీయింగేనని హెచ్చరించాడు. ప్రధాని అయ్యాక 2014లో ఆయన ప్రభుత్వమే చట్టం తెచ్చింది. పదవి దిగాక గ్రీన్‌సిల్ అనే ఆర్థిక సంస్థలో చేరి, 2020లో కోవిడ్ సమయంలో దానికోసం మంత్రులకు ఫోను సందేశాలు పంపాడు. మరుసటి ఏడాది గుట్టు రట్టయింది. ఆయన రిజిస్టరులో పేరు రాయించుకోవాలా అని విచారిస్తే అక్కరలేదని తేలింది. ఎందుకంటే ఆ చట్టం బయటి కక్షిదారుల కోసం పనిచేసేవాళ్లకే వర్తిస్తుంది, సంస్థ సొంత ఉద్యోగికి వర్తించదు. తన కంచెకు ఉన్న కంత ఏదో కట్టినవాడికే బాగా తెలుస్తుందని మా ఊళ్లో అనేవారు.

నాకు నచ్చింది చిలీవాళ్ల పద్ధతి. 2014లో వాళ్లు చేసిన చట్టం అడగడానికి వచ్చినవాడి మీదకంటే కుర్చీలో ఉన్నవాడి మీద ఎక్కువ బరువు పెట్టింది. మంత్రి, పెద్ద అధికారి తనను ఎవరు కలిశారో, ఎవరి తరఫున, ఏ విషయం మీద కలిశారో రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. మన తపాలు రిజిస్టరును పక్క తలుపు దాకా జరిపినట్టన్నమాట. ఐర్లండులో 2015 చట్టం పదిమందికి మించి ఉద్యోగులున్న సంస్థలనూ, డబ్బు తీసుకుని ఇతరుల కోసం తిరిగేవాళ్లనూ ముఖ్యంగా పట్టుకుంటుంది. మామూలు మనిషి తన సొంత కష్టం చెప్పుకోవడానికి నమోదు అక్కరలేదు.

చట్టం వద్దనేవాళ్ల మాటల్లో రెండింటిని నేను కొట్టిపారేయలేను. ఒకటి, నమోదు చేస్తే పైరవీకి లైసెన్సు ఇచ్చినట్టవుతుంది, ఛాతీ మీద బిళ్ల పెట్టుకుని తిరుగుతారని. కావచ్చు. బిళ్ల ఉంటే కనీసం ఎవరో గుర్తుపడతాం. రెండోదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది: చట్టం పేరు చెప్పి చిన్నవాళ్ల నెత్తిన ఫారాలు రుద్దుతారని. ఒక రైతు సంఘం ఎమ్మెల్యేను కలిస్తే నమోదు చేసుకోలేదని కేసు పెట్టారనుకోండి, కంపెనీకి వకీళ్లు ఉంటారు, రైతుకు నేనుంటాను, అరిగిపోయిన ‘అ’తో. అందుకే బరువు కుర్చీ మీదే ఉండాలంటాను. మీరు వేరేలా అనుకుంటే అలాగే వాదించండి.

మరి పెళ్లి పందిట్లో, తిరుమల క్యూలో, ఫోనులో కలిస్తేనో అని మీ అవ్వ అప్పుడే అడిగింది. ఆమె ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫోనునూ సందేశాన్నీ కూడా రాయమనవచ్చు. రాయనివాళ్లు రాయరు. కానీ రాయడం విధి అయినప్పుడు, రాయకపోవడం తప్పవుతుంది. ఇప్పుడు అది తప్పు కూడా కాదు కదా.

మీ ఉత్తరం చివర ఇంకో సంగతి రాశావు, బడిలో తాగునీటి కొళాయి చెడిపోయి నెల అయిందని, హెడ్మాస్టరుగారికి చెప్పినా మరిచిపోతున్నారని. నోటితో చెప్పి వచ్చేశారా? తెల్లకాగితం మీద రాయండి, అందరూ సంతకాలు పెట్టండి, రెండు ప్రతులు తీయండి, ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద తారీఖుతో సంతకం తీసుకోండి. టైపు చేయాలంటే ఆదివారం రండి. పది రూపాయలు తీసుకోను గానీ జామకాయలు తెస్తే వద్దనను.

మీ తాత