ఆకు చాటు కాయలు

మామిడి చెట్టును ఫోన్‌తో వీడియో తీస్తే అందులో ఎన్ని కాయలున్నాయో చెప్పే ప్రోగ్రాం ఒకటి చిత్తూరు కుర్రాడొకడు తన ఎంటెక్‌లో చేశాడు. తోతాపురి తోటల్లో పెరిగినవాడు. పోయిన వారం తిరుపతిలో మా ఇంటికొచ్చి, ఫోన్ నా చేతికిచ్చాడు. "చూడండి సార్, మా పేపర్‌ని సీనియర్లు, ఫ్రెండ్స్ అందరూ షేర్ చేశారు. ఇక్కడ మాత్రం ఏమీ లేదు." తెర మీద బూడిదరంగు చక్రం, దాని మధ్యలో ప్రశ్నగుర్తు.

అది ఆల్ట్‌మెట్రిక్ స్కోరు. ఒక పరిశోధన పత్రాన్ని వేరే పత్రాలు ఉదహరించాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆన్‌లైన్‌లో జనం ఎంత పట్టించుకున్నారో చూద్దామని 2010లో జేసన్ ప్రీమ్, ఆయన మిత్రులు ప్రతిపాదించిన ఆలోచన నుంచి ఇలాంటి కొలతలు వచ్చాయి. వార్తకు 8, బ్లాగుకు 5, వికీపీడియాకు 3 చొప్పున బరువులు వేసి కూడుతారు.

అసలు సంగతి కూడికలో లేదు. సోషల్ మీడియా పోస్టులో మీరేం రాశారో ఆ యంత్రానికి అక్కర్లేదు, లింకు కావాలి. అది పేపర్ డీఓఐకో (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), పేపర్లను అచ్చుకు ముందే ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) సైట్ పేజీకో, పరిశోధన పత్రిక పేజీకో వెళ్లాలి. ఇది వినగానే మా వాడి ముఖం మారింది, ఎందుకంటే తన ప్రోగ్రాం కష్టమూ ఇదే. కాయ ఉందని కెమెరాకు తెలియాలంటే కొంచెమైనా కనబడాలి. ఆకు చాటున ఎంత పెద్ద కాయ ఉన్నా లెక్కలో సున్నా.

బొమ్మల్లో ఏముందో కంప్యూటర్‌కు గుర్తుపట్టడం నేర్పే కంప్యూటర్ విజన్‌లో ఈ ఆకులు మరీ దట్టం. ఈ రంగంలో జనం పేపర్‌ కన్నా గిట్‌హబ్ సైట్‌లో పెట్టిన ప్రోగ్రాం కోడ్‌ను, డెమో వీడియోను, ప్రాజెక్టు పేజీని ఎక్కువగా పంచుకుంటారు. ఫలితాల బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి పెడతారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది బయటివాళ్లెవరికీ కనిపించదు.

ఇంకో చిక్కు ఉంది, నాకు ఎంతో ఇష్టమైనది. చెట్టును రెండువైపుల నుంచి తీస్తే ఒకే కాయ రెండు ఫ్రేముల్లో వస్తుంది. ప్రోగ్రాం కాయ చుట్టూ గీసిన రెండు పెట్టెల్లోనూ ఉన్నది ఒకే కాయ అని తేల్చడానికి దాని స్థానం, కదలిక, రూపం పోల్చాలి. దాన్నే ట్రాకింగ్ అంటాం. పేపర్ల విషయంలోనూ అంతే. మొదట ఆర్కైవ్‌లో ఒక నంబరుతో వస్తుంది. 2022 నుంచి అక్కడే దానికి ఒక డీఓఐ కూడా ఉంటుంది. కొన్ని నెలల తర్వాత సీవీపీఆర్ లాంటి పెద్ద విజన్ సదస్సులో అంగీకరిస్తే, ఆ పత్రాలను ప్రచురించే ఐఈఈఈ సంస్థ ఇంకో డీఓఐ ఇస్తుంది, ఉచిత ప్రతి మరో సైట్‌లో ఉంటుంది. ఈ మధ్యలో శీర్షిక మారిందంటే ఇవన్నీ ఒకటేనని జతచేయడం కష్టం. తోటలో ఈ పొరపాటు వల్ల కాపు ఎక్కువ కనబడుతుంది. ఇక్కడ ఒక బుట్టలో పడాల్సిన కాయలు రెండు బుట్టల్లో పడి, రెండూ వెలితిగా ఉంటాయి.

ఈ చక్రాన్ని జాతకచక్రంలా చూసి దిగులుపడే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అంకె ఎలా తయారైందో మనం క్లాసులో చెప్పం, అంకె మాత్రం అడుగుతాం. 2018లో జోసెఫ్ రెడ్మన్, అలీ ఫర్హాదీ బొమ్మలో వస్తువులను వేగంగా గుర్తుపట్టే యోలో అనే ప్రోగ్రాం మూడో వెర్షన్ పేపర్‌ను ఆర్కైవ్‌లో పెట్టారు. దాన్ని ప్రపంచమంతా వాడుకుంది. కెమెరాకు తగిలించి వాహనాలు లెక్కపెట్టుకునేవాడు దాని గురించి పోస్టు రాయడు కదా. సైనిక వాడకాలు, వ్యక్తిగత గోప్యత గురించిన ఆందోళనతో విజన్ పరిశోధన మానేశానని 2020లో రెడ్మన్ ట్విట్టర్‌లో చెప్పినప్పుడు మాత్రం చర్చ చెలరేగింది.

మా వాడి పోస్టు తెరిచాం. అందులో ఉన్నది గిట్‌హబ్ లింకు ఒక్కటే.

"అయితే ఆ షేర్లన్నీ పోయినట్టేనా సార్?"

స్కోరు వరకూ అంతేనన్నాను. ఈసారి పేపర్ లింకు కూడా పెట్టమని చెప్పి, గిట్‌హబ్ పేజీ తెరవమన్నాను. అక్కడ ఎవరో మూడు వారాల కిందట అడిగారు: ఇది సపోటా చెట్టుకు పనిచేస్తుందా, కాయ రంగు కొమ్మ రంగులో కలిసిపోతుంది కదా అని. మా వాడు చూడనే లేదు. సోఫా చివరికి జరిగి, జవాబు టైపు చేయడం మొదలుపెట్టాడు.