నీరెండ, వెన్నెల, ఎర్రచీర: కథల్లో వెలుతురుపై అపోహలు - వాస్తవాలు

కథల రాతప్రతులు దిద్దడం నా పని. వాటిలో తరచుగా దారి తప్పేది వెలుతురే.

అపోహ: వడకట్టినట్టుండే వెలుతురును 'పారభాసక కాంతి' అనాలి.

వాస్తవం: పారభాసకం అనేది నూనె కాగితం, గరుకు గాజు లాంటి, వెలుతురును కొంతే దాటనిచ్చే పదార్థాల గుణం. భౌతికశాస్త్ర పాఠంలో ఆ మాటకు తిరుగులేదు. కథలో పడితే మాత్రం పాఠకుడికి ప్రయోగశాల కనిపిస్తుంది. మనకు మసక వెలుగు, గుడ్డివెన్నెల, నీరెండ ఉండనే ఉన్నాయి.

అపోహ: నీరెండ ఎప్పుడైనా కాయవచ్చు.

వాస్తవం: అది ఉదయం, సాయంత్రం కాసే పలచటి ఎండ. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం నీరెండ కాయించే ధైర్యవంతులూ ఉన్నారు!

అపోహ: పలచటి వెలుతురు కనిపించాలంటే విశేషణాలు పేర్చాలి.

వాస్తవం: దీపానికీ కంటికీ మధ్య ఏముందో చెబితే చాలు. తోలుబొమ్మనే చూడండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు దాటేంత పలచగా శుభ్రం చేసి, రంగులు వేసి, నగలున్న చోట సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే రంగుల మీదుగా వచ్చే వెలుతురు మెత్తగా, ఆ రంగునే పులుముకుని వస్తుంది. రంధ్రాల్లోంచి వచ్చేది సూటిగా, తెల్లగా గుచ్చుకుంటుంది. ఒకే బొమ్మలో రెండు వెలుతురులు. తోలు, రంగు, రంధ్రం అన్న మూడు నామవాచకాలతో ఇది చెప్పవచ్చు. 'మిలమిల', 'ధగధగ' అక్కర్లేదు.

అపోహ: పండు వెన్నెల్లో ఎర్రచీర ఎర్రగానే మెరుస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. అంత తక్కువ వెలుతురులో, కంట్లో రంగులను పట్టే శంకుకణాలు సరిగా పనిచేయవు. చూపు భారమంతా మసకలో చూపునిచ్చే దండకణాల మీద పడుతుంది. వాటికి ఎరుపు దాదాపు ఆనదు. అందుకే ముందుగా నల్లబడేది ఎరుపే. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దంలోనే దీన్ని గమనించాడు.

11వ శతాబ్దపు నన్నయకు ఈ కణాల సంగతి తెలిసే వీలు లేదు. అయినా 'శారదరాత్రులు' పద్యంలో ఆయన పట్టుకున్నవన్నీ తెలుపులే: చుక్కల హారాలు, విచ్చుకుంటున్న కలువలు, ఆకాశం నిండా చంద్రుడు చల్లుతున్న కర్పూరపు పొడి. వెన్నెలకు ఒక పొడిలాంటి ఒళ్లు ఇచ్చాడు. ఎరుపు ఊసే లేదు.

కథకు ఆ చీర ఎరుపే ముఖ్యమైతే, వాకిట్లో ఒక లాంతరు పెట్టించండి.