సీలింగ్ ఫ్యాన్ ఎంత కాలుస్తోంది? మీటరునే అడగండి

కరెంటు బిల్లు పెరిగితే అందరి అనుమానం ఏసీ మీదికో గీజరు మీదికో పోతుంది. సీలింగ్ ఫ్యాన్ జోలికి ఎవరూ పోరు. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు కాలుస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు దాని ఖాతాలోకే పోతాయి.

మీ ఇంట్లో ఫ్యాన్ సంగతి మీటరే చెబుతుంది. ఫ్రిజ్, వైఫై, టీవీ అన్నీ ఆపి ఒక్క ఫ్యానే వేయండి. మీటరు మీద మిణికే ఎర్రదీపాన్ని 10 నిమిషాలు లెక్కపెట్టండి. యూనిట్‌కు ఎన్ని ఇంపల్సులో, అంటే ఎన్ని మిణుకులో, మీటరు మీదే రాసి ఉంటుంది. అది 3200 అయితే, లెక్కపెట్టిన మిణుకులను 6000తో హెచ్చించి 3200తో భాగిస్తే వాట్లు వస్తాయి. 40 మిణుకులంటే 75 వాట్లు. ఇన్వర్టర్ లైను మీదున్న ఫ్యాన్‌ను మాత్రం ఇలా కొలవకండి, బ్యాటరీ ఛార్జింగ్ కూడా అందులో కలిసిపోతుంది.

ఇంత కరెంటు ఎటు పోతోంది? పాత రకం ఇండక్షన్ మోటారులో తిరిగే భాగానికి సొంత అయస్కాంతం ఉండదు. దానిలో కరెంటు పుట్టించి తిప్పాలి, ఆ పనిలో చాలా భాగం వేడిగా మారుతుంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌లో శాశ్వత అయస్కాంతాలుంటాయి కాబట్టి ఆ నష్టం లేదు. దాదాపు అంతే గాలికి 30 వాట్లు చాలు. అంటే నెలకు 20 యూనిట్లు మిగులు. అవి బిల్లులో పై శ్లాబులోంచి తగ్గుతాయి, అసలు లాభం అక్కడే.

అయితే బీఎల్‌డీసీ ఫ్యాన్‌ను బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను తీయించి, స్విచ్ నుంచి నేరుగా వైరు ఇప్పించాలి. 'ఫుల్‌లో పెట్టి వదిలేయండి' అనే ఎలక్ట్రీషియన్ మాట వినొద్దు. ఎవరో ఒకరు తిప్పుతారు, సరైన వోల్టేజీ అందక లోపలి బోర్డు పాడవుతుంది.

పాత ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ముందు కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం) మార్చి చూడండి, ఖర్చు తక్కువ. మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టాలి. దాని కొలత 2.5 మైక్రోఫారడ్ అయితే మళ్లీ అదే వేయాలి. ఎక్కువది వేస్తే స్పీడు పెరగొచ్చు గానీ వైండింగ్ వేడెక్కుతుంది. డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ ఉంటే ఎలక్ట్రానిక్‌ది పెట్టించండి. డబ్బాది స్పీడు తగ్గించినప్పుడల్లా మిగలాల్సిన కరెంటులో కొంత తనలోనే వేడిగా పోగొడుతుంది.

అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చనక్కర్లేదు. చుట్టాలొస్తే తప్ప తెరవని గదిలో బీఎల్‌డీసీ దండగ. పగలూ రాత్రీ తిరిగేదానితో మొదలుపెట్టండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. నక్షత్రాలతో పాటు నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో కూడా చూడండి. వాట్లు తగ్గించుకున్న కొన్ని ఫ్యాన్లు గాలి కూడా తగ్గిస్తాయి. 1200 సైజుకు ఆ అంకె 210 కంటే తక్కువైతే కొనొద్దు.