కానూరు ఫ్లాట్‌కి ఏ గీజర్ పెట్టాలి?

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులైన పిల్లలిద్దరికీ,

తాతయ్య ఆశీస్సులు. విజయవాడ పక్కన కానూరులో మీ కొత్త ఫ్లాట్ బాత్రూముల్లో టైల్స్ పని చివరికొచ్చిందట. గీజర్లు ఏవో త్వరగా తేల్చమని ప్లంబర్ తొందరపెడుతున్నాడని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీరేమో అమెరికాలో మీ మామయ్య ఇంట్లో ఉన్నట్టు ట్యాంకు లేని హీటరే కావాలని పట్టుబట్టారట. ఎంతసేపు తిప్పినా వేడినీళ్లు అయిపోవు, కరెంటూ ఆదా అవుతుంది అన్నది మీ వాదన. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. దీనికి జవాబు అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పేది కాదు, కొంచెం లెక్క వేయాలి. ఇన్నాళ్లూ ఫిజిక్స్ చెప్పినవాణ్ని కదా, కాగితం పెన్సిల్ దగ్గర పెట్టుకునే చదవండి.

ముందు మామయ్య ఇంటి సంగతి. అక్కడి ఇళ్లల్లో మామూలుగా ఉండేది 40, 50 గ్యాలన్ల ట్యాంకు. మన లెక్కలో 150 నుంచి 190 లీటర్లు. అన్ని నీళ్లూ రాత్రీ పగలూ వేడిగానే ఉంటాయి. ఎవరూ వాడకపోయినా ట్యాంకు గోడల్లోంచి వేడి పోతూనే ఉంటుంది, పోయినప్పుడల్లా హీటర్ మళ్లీ వెలుగుతుంది. ట్యాంకే లేకపోతే ఆ నష్టం ఉండదు. రోజుకు 155 లీటర్ల లోపు వేడినీళ్లు వాడే ఇంట్లో ట్యాంకు లేని హీటర్ 24 నుంచి 34 శాతం దాకా మెరుగ్గా పనిచేస్తుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. దానికి రెట్టింపు వాడే ఇంట్లో ఆ లాభం 8 నుంచి 14 శాతానికి పడిపోతుంది. మామయ్య చెప్పింది ఆ దేశంలో నిజమే.

మరి మనింట్లో గీజర్ ఎవరు రోజంతా వేసి ఉంచుతున్నారు? మీ అమ్మ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి గీజర్ స్విచ్ వేస్తుంది, స్నానానికి వెళ్లేముందు ఆపేస్తుంది. ఎవరైనా మర్చిపోతే ఇల్లంతా వినపడేలా "గీజర్ ఆపారా?" అన్న కేక. విజయవాడలో గీజర్ అవసరం గట్టిగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వానాకాలంలో ముసురు పట్టిన నాలుగు రోజులు. మే నెలలో అయితే మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లే మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వవు. అంటే అమెరికాలో ట్యాంకు లేని హీటర్ ఏ నష్టాన్ని ఆపుతోందో ఆ నష్టం మన ఇళ్లల్లో పెద్దగా లేదు. లేని ఖర్చును ఎలా ఆదా చేస్తాం? షాపువాళ్లు "కరెంటు సగానికి సగం మిగులుతుంది" అంటే నమ్మొద్దు. నీళ్లు వేడెక్కడానికి కావాల్సిన శక్తి ట్యాంకులోనైనా, ట్యాంకు లేకపోయినా ఒకటే.

ఇప్పుడు ఆ శక్తి ఎంతో చూద్దాం. ఒక యూనిట్ కరెంటుతో, అంటే 1 కిలోవాట్ హీటర్ గంటసేపు వాడే కరెంటుతో, 860 లీటర్ల నీళ్లను 1 డిగ్రీ వేడి చేయొచ్చు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే గీజర్ల గురించి ఎవరేం చెప్పినా సరిచూసుకోవచ్చు. ట్యాంకు లేనిదని మీరు కొనాలనుకునే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ గంటకు 3 యూనిట్లు తింటుంది. దాన్ని నిమిషానికి పంచితే, నిమిషానికి 43 లీటర్లను 1 డిగ్రీ పెంచగలదు. సంక్రాంతి రోజుల్లో పొద్దున పూట కుళాయి నీళ్లు 22 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి హాయిగా ఉండేది 40. పెంచాల్సింది 18 డిగ్రీలు. 43ని 18తో భాగించండి. నిమిషానికి 2.4 లీటర్లు. 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎనిమిది నిమిషాల పైనే.

బకెట్ స్నానానికి ఎనిమిది నిమిషాలు పెద్ద ఇబ్బందేం కాదు. పళ్లు తోముకునేలోపు సగం నిండుతుంది. చిక్కంతా షవర్‌తోనే. అన్నయ్యకు షవర్ లేనిదే గడవదు కదా! మామూలు షవర్ నిమిషానికి 8 లీటర్లు వదిలితే, దాన్ని 18 డిగ్రీలు పెంచడానికి 10 కిలోవాట్లు కావాలి. 230 వోల్టుల దగ్గర అది 43 ఆంపియర్ల పైమాట. సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఫ్లాట్‌లో ఒక్క బాత్రూముకే అంత లాగితే ఇల్లంతా చీకటే. అమెరికాలో ఇల్లంతటికీ పెట్టే కరెంటు ట్యాంక్‌లెస్ హీటర్లు 18, 27 కిలోవాట్లవి ఉంటాయి, వాటికి వేరే లావు వైర్లు, వేరే బ్రేకర్లు వేస్తారు. గోడకు తగిలించిన డబ్బా ఒకేలా కనిపించినా, దాని వెనక ఉన్న కరెంటు ఒకటి కాదు.

ఇంకో మాట. మన షాపుల్లో ఇన్‌స్టంట్ అని అమ్మే 1 లీటరు, 3 లీటర్ల గీజర్లలో చిన్న ట్యాంకు ఉంటుంది. అవి అచ్చంగా ట్యాంకు లేనివి కావు. కుళాయి పూర్తిగా తిప్పి చూడండి. మొదటి మగ్గు పొగలు కక్కుతుంది, రెండోది పరవాలేదు, నాలుగో మగ్గుకి గోరువెచ్చన. అప్పుడు కుళాయిని సన్నటి ధారకు తిప్పుకోవాలి. ఆ ధారే మనం లెక్క కట్టిన 2.4 లీటర్లు. గీజర్ పాడైందని మెకానిక్‌ని పిలిచేవాళ్లలో చాలామందికి ఉన్న బాధ ఇదే.

మరి 15 లీటర్ల మామూలు స్టోరేజ్ గీజర్ సంగతి? 2 కిలోవాట్లది 22 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అన్నీ కలిపి యూనిట్‌లో మూడింట రెండొంతులు. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు అన్నట్టు ఆ 15 లీటర్లకు చల్లనీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 31 లీటర్లు తయారవుతాయి. అంటే బకెట్టున్నర. ఆ నీళ్లు ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా వస్తాయి, షవర్ కిందా నిలబడొచ్చు. కాకపోతే ముందు ఇరవై నిమిషాలు ఆగాలి, ఒకరి తర్వాత ఇంకొకరు వెంటనే వెళ్తే మళ్లీ ఆగాలి. పొద్దున ఏడున్నరకు స్కూలు బస్సు వచ్చే ఇంట్లో అదే పెద్ద టెన్షన్. అలాంటి ఇంటికి 25 లీటర్లది మేలు.

వైరు విషయం మీరు తేలిగ్గా తీసుకుంటారేమోనని నా భయం, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల పవర్ సాకెట్ ఉండాలి, మీటరు దగ్గరి బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు విడిగా రావాలి, లోడు మించితే దానంతటదే పడిపోయే సొంత స్విచ్, అంటే ఎంసీబీ, ఉండాలి. 4.5 కిలోవాట్లదైతే 20 ఆంపియర్ల దగ్గరికి వెళ్తుంది, ప్లగ్గు పెట్టి వాడేది కానే కాదు. గవర్నర్‌పేట, సత్యనారాయణపురం పాత ఇళ్లల్లో ఫ్యాన్లకూ లైట్లకూ వేసిన సన్న వైర్ల మీదే ఇన్‌స్టంట్ గీజర్ తగిలించిన చోట్ల ప్లగ్గు ఊడదీసి చూడండి అంటాను నేను. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కొంచెం ఉబ్బి, కాలిన వాసన కొడుతుంది. ఆ గుర్తు కనబడిన రోజునే వాడకం ఆపేయాలి. మీది కొత్త ఫ్లాట్ కాబట్టి ఇప్పుడే అడిగే వీలుంది. టైల్స్ అంటించాక గోడ పగలగొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఎర్తింగ్ ఉందో లేదో, కరెంటు లీకై షాక్ కొట్టే ప్రమాదం ఉంటే 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టారో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోమని నాన్నకు చెప్పండి. మీరు మాత్రం బోర్డులో వేలు పెట్టొద్దు. సీపీడీసీఎల్ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే ఇంటికి మంజూరైన లోడు, ఎంతో రాసి ఉంటుంది, అది చదవడం మీ పని. ఇల్లంతటికీ 3 కిలోవాట్లే ఉండి రెండు బాత్రూముల్లో 3 కిలోవాట్ల గీజర్లు ఒకేసారి వేస్తే ఎలా ఉంటుందో మీరే లెక్కేయండి.

ఇక నీళ్లు. మీ అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరునీళ్లేనని మీ అమ్మ చెప్పింది, బకెట్ అంచుకు తెల్లచార కడుతోందని కూడా అంది. అది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మామూలుగా నీళ్లలో కరిగి ఉంటాయి, వేడి తగలగానే గట్టిపడి ఎక్కువ వేడి ఉన్న చోటే అంటుకుంటాయి. గీజర్‌లో ఎక్కువ వేడి ఉండేది ఎలిమెంట్ మీద. మెకానిక్ ఎలిమెంట్ బయటికి తీసినప్పుడు దగ్గరుండి చూడండి. చిటికెనవేలంత గొట్టం మీద తెల్లటి పెచ్చు గవ్వలు అతికించినట్టు గరుకుగా ఉంటుంది, గోకితే పొరలు పొరలుగా రాలుతుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, ఎలిమెంట్ లోపల్లోపలే కాగి కాలిపోతుంది. అచ్చమైన ట్యాంక్‌లెస్ హీటర్‌లో నీళ్లు సన్నటి దారుల్లోంచి పోవాలి కాబట్టి ఈ పెచ్చుతో మొదట మూసుకుపోయేది అదే. కృష్ణ నీళ్లు కుళాయికి వచ్చే ఇంటికీ, బోరు మీద బతికే ఇంటికీ ఒకే సలహా ఇవ్వలేను. బోరునీళ్లయితే లోపల గ్లాస్ పూత ఉన్న ట్యాంకు, దాంట్లో మెగ్నీషియం ఆనోడ్ రాడ్డు ఉన్న స్టోరేజ్ గీజరే కొంత ఓర్చుకుంటుంది. ఆ రాడ్డు తను అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది, అందుకే ఏడాదికోసారి తీయించి చూడాలి.

మీది పై అంతస్తు కూడా కదా. నీళ్ల ఒత్తిడి 10 మీటర్ల ఎత్తుకు 1 బార్. మీ షవర్‌కూ మేడ మీద ట్యాంకుకూ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు, 0.2, 0.3 బార్ వస్తే గొప్ప. ట్యాంకు లేని హీటర్‌కు లోపల ఒక స్విచ్ ఉంటుంది, నీళ్లు తగినంత వేగంగా పారితేనే అది వెలుగుతుంది. పై అంతస్తుల్లో అది వెలగక ఆరిపోతూ విసిగిస్తుంది. పదిహేను ఇరవై అంతస్తుల కొత్త టవర్లలో కిందివాళ్లకు ఇదే తిరగబడి, ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే 8 బార్ల గీజర్ వెతుక్కోవాల్సి వస్తుంది.

గ్యాస్ గీజర్ గురించి ఎవరో చెప్పారట. అది అచ్చంగా ట్యాంకు లేనిదే. నిమిషానికి 6 లీటర్లను 25 డిగ్రీలు పెంచే శక్తి, అంటే 10 కిలోవాట్లు, సిలిండర్ నుంచి తేలిగ్గా వస్తుంది. వైర్ల గొడవ లేదు, కరెంటు పోయినా బ్యాటరీ సెల్స్‌తో వెలుగుతుంది. పనితనంలో నేను దానికి వంక పెట్టను. కానీ అది బాత్రూములో ఉండకూడదు, ఏ పరిస్థితుల్లోనూ ఉండకూడదు. మంట మండటానికి గాలి కావాలి. చలికాలం కదా అని వెంటిలేటర్ మూసి, తలుపు గడియ పెట్టుకుని స్నానం చేస్తుంటే ఆ చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గుతుంది, గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. ప్రమాదమని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా మిగలదు. మన దేశంలో చలికాలం వస్తే ఇలా ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పెట్టాలనుకుంటే గాలి ధారాళంగా ఆడే బయటి వాష్ ఏరియాలో పెట్టి, పైపు ద్వారా నీళ్లు మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. ఎవరింటికైనా వెళ్లినప్పుడు బాత్రూములో గ్యాస్ గీజర్ కనబడితే మొహమాటపడకుండా పెద్దవాళ్లకు చెప్పండి.

ఇవన్నీ చూశాక మీ ఫ్లాట్‌కి నా మాట ఇది. నాయనమ్మా మీరూ వాడే బాత్రూములో 25 లీటర్ల స్టోరేజ్ గీజర్. అమ్మానాన్నల బాత్రూముకు 15 లీటర్లది. వంటింటి సింకు దగ్గర మాత్రం 3 లీటర్ల ఇన్‌స్టంట్ పెట్టండి, జిడ్డు గిన్నెలకు సన్నటి వేడి ధార చాలు, అక్కడ దాన్ని మించింది లేదు. బకెట్ స్నానం చేసే ఇద్దరే ఉండి, మునిసిపల్ నీళ్లు వచ్చే కింది పోర్షన్ అయితే బాత్రూముకూ ఇన్‌స్టంటే పెట్టమనేవాణ్ని. సొంత డాబా ఉన్న మా బ్రాడీపేట ఇంటికైతే సోలార్ హీటరే సరి, కానీ మీకు మేడ మీద విడిగా చోటు ఉండదు.

ప్లంబర్‌ని వారం ఆగమనండి. ఈలోగా స్కూలు ల్యాబ్ థర్మామీటర్ అడిగి తెచ్చుకుని, పొద్దున ఆరింటికి కుళాయి నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, 35 కింద అది చూపించదు. షవర్ కింద బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో గడియారం చూసి రాయండి. కాంట్రాక్టెడ్ లోడ్, గీజర్ పాయింటుకు వచ్చిన వైరు సైజు నాన్నను అడగండి. నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపండి. నీళ్లు 22 కాక 19 ఉన్నా, షవర్ 8 కాక 5 లీటర్లే వదిలినా నా లెక్క మారుతుంది. మార్చి మళ్లీ రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య