దేవుడు ఎవరి సొత్తు? తిరుపతిలో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతికి వచ్చే యాత్రికులకు గుళ్ల చరిత్ర చెప్పడం నా వృత్తి. శిల్పాల గురించి, శాసనాల గురించి అడిగేవారు తక్కువ. "దేవుడు ఒక్కడే అంటారు కదా, మరి గుడికో మతం ఎందుకు?" అని నిలదీసేవారు ఎక్కువ. అడిగిన వెంటనే వాట్సాప్‌లో వచ్చిన కథ ఒకటి బయటికి తీస్తారు. దేవుడు ఎవరివాడు అన్నది ఒక ప్రశ్న. ఫలానా గుడిలో పూజ ఎవరి పద్ధతిలో జరుగుతుంది అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలగాపులగం చేయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అపోహ: కొండ మీది స్వామి వైష్ణవులకు మాత్రమే చెందినవాడు.

వాస్తవం: తిరుమలలో పూజ వైష్ణవ పూజావిధుల్లో ఒకటైన వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. అందులో వాదానికి తావు లేదు. అయితే వైష్ణవులు తమ తొలి ఆళ్వారులలో, అంటే విష్ణుభక్త కవులలో, ఒకరిగా కొలిచే పేయాళ్వారు ఏమన్నారో చూడండి. తిరుమల స్వామిలో ఆయనకు వేలాడే జడలు, ఎత్తైన కిరీటం కలిసి కనిపించాయి. గొడ్డలి పక్కనే చక్రం, ఒంటికి చుట్టుకున్న పాము పక్కనే బంగారు మొలనూలు! శివుడి రూపం, విష్ణువు రూపం రెండూ ఒకటిగా అమరాయని తన తమిళ పాశురంలో (భక్తి పద్యంలో) పాడుకున్నారు. నేటికీ ధనుర్మాసంలో శ్రీవారి సహస్రనామార్చన తులసితో కాక మారేడు దళాలతో చేస్తారు.

ఇంతవరకు చెప్పగానే గుంపులో ఒకరు "అయితే ఆయన శివుడే" అంటారు, మరొకరు "కాదు, అమ్మవారు" అంటారు. ఆ పంచాయతీకి నేను పోను. కొండ కింద కపిలతీర్థంలో కపిలేశ్వరుడు ఉన్నాడు, ఆ గుడి నిర్వహణ కూడా తిరుమల తిరుపతి దేవస్థానానిదే. తాతయ్యగుంట గంగమ్మ ఏ ఆగమానికీ లొంగని గ్రామదేవత. ఆమెను శ్రీవారి చెల్లెలిగా భావించి, జాతరకు కొండ మీది నుంచి సారె పంపుతారు. తిరుపతి వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

అపోహ: అన్ని మతాలూ ఒకటేనని అన్నమయ్య ఎప్పుడో చెప్పేశాడు.

వాస్తవం: దీనికి సాక్ష్యంగా చూపేది "ఎంతమాత్రమున" కీర్తన. చాలామందికి పల్లవి వస్తుంది, చివరి చరణం దాకా ఎవరూ రారు. అన్నమయ్య (1408-1503) ఆ కీర్తనలో పేర్లు పెట్టి మరీ చెప్పాడు. వైష్ణవులు విష్ణువంటారు, వేదాంతులు పరబ్రహ్మమంటారు, శైవులు శివుడంటారు, పుర్రె చేతబట్టే కాపాలికులు ఆదిభైరవుడంటారు, శాక్తేయులు శక్తి అంటారు. ఆ జాబితాలో ఉన్నవి ఆయన ఎరిగిన మన దర్శనాలే. ఇస్లాం, క్రైస్తవం ప్రస్తావన లేదు. లేనిదాన్ని ఉందని చెప్పడం అన్నమయ్యకు చేసే మర్యాద కాదు.

అసలు రుచి వేరే చోట ఉంది. అల్పబుద్ధితో తలచినవారికి నువ్వు అల్పుడివి, ఘనబుద్ధులకు ఘనుడివి అంటాడు. పిండి ఎంతో నిప్పటి (రొట్టె) అంతే అని వంటింటి సామెత కూడా వేస్తాడు. కొరత దేవుడిది కాదు, తలచేవారిది అని తేల్చాక ఏం చేశాడు? "నాకు అందరూ సమానమే" అని తప్పుకోలేదు. శ్రీవేంకటపతివి నువ్వే నన్ను చేకొన్న దైవం, నీ శరణే నాకు పరతత్త్వం అని ముగించాడు. ఎదుటివాడి దేవుడిని తోసిపుచ్చలేదు, తన దేవుడిని వదలనూ లేదు. నన్ను అడిగితే ఈ అంశంపై తెలుగులో ఇంతకంటే నిజాయతీగా మాట్లాడినవారు అరుదు.

అపోహ: స్వామికి భార్యగా చెప్పుకునే ముస్లిం యువతి బీబీ నాంచారి కథ ఈమధ్య ఎవరో మతసామరస్యం కోసం అల్లినది.

వాస్తవం: కాదు. స్వామిని వలచిన తురక రాకుమారి కథ కర్ణాటకలోని మేల్కోటలో, తమిళనాడులోని శ్రీరంగంలో తరతరాలుగా ఉంది. శ్రీరంగంలో ఆమెకు సన్నిధే ఉంది. విగ్రహం ఉండదు, గోడ మీద చిత్రం ఉంటుంది, నైవేద్యం రొట్టెలు. మన వైపు తిరుమలకు తొలి గడపగా పేరున్న దేవుని కడపకు ఉగాది నాడు వెళ్లి చూడండి. ముస్లిం కుటుంబాలు వరుసలో నిలబడి కొబ్బరికాయ కొట్టి, తీర్థం పుచ్చుకుని వెళ్తాయి. నాంచారమ్మ తమ ఆడపడుచు, అందుకని స్వామి తమ ఇంటి అల్లుడు! వాళ్లకు అది వాదం కాదు, చుట్టరికం.

అలాగని చరిత్రంతా చుట్టరికమే అనుకుంటే మళ్లీ పొరపాటే. 14వ శతాబ్దంలో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీద పడినప్పుడు రంగనాథుడి ఉత్సవమూర్తిని దాచిన చోటు తిరుమల. గుడిలోని రంగనాయకుల మండపానికి ఆ పేరు అందుకే వచ్చింది. 1371లో ఆ మూర్తి తిరిగి శ్రీరంగం చేరింది. దండయాత్రను మరచిపొమ్మనేవారు, ప్రేమకథను చెరిపేయమనేవారు ఇద్దరూ నాకు తగులుతుంటారు. మండపమూ ఉంది, కడపలో ఉగాదీ ఉంది. నేను రెండూ చెబుతాను.

అపోహ: బ్రిటిష్ అధికారి మన్రో దొర వెంకన్న మహిమ చూసి హిందువుగా మారాడు.

వాస్తవం: మారలేదు. శ్రీవారి పొంగలి నైవేద్యానికి ఆయన పేరిట మన్రో గంగాళం ఉన్న మాట నిజం. ఆయన కడుపునొప్పి స్వామి ప్రసాదంతో తగ్గిందన్నది జనం చెప్పుకునే కథ. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827లో పత్తికొండలో కలరాతో మరణించాడు. సమాధి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంది. గంగాళం ఇచ్చినంత మాత్రాన మతం మారాడని ఎందుకు అనుకోవాలో నాకు అర్థం కాదు.

అపోహ: ఏ మతమైనా చివరికి చెప్పేది దేవుడి గురించే.

వాస్తవం: జైనులు, బౌద్ధులు సృష్టికర్తను ఒప్పుకోరు. అంతదూరం ఎందుకు, వేదంలోని యజ్ఞకర్మలే ప్రధానమన్న మన పూర్వమీమాంసకులు యజ్ఞఫలానికి ఈశ్వరుడితో పనిలేదన్నారు. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 1895లో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు ఏర్పడిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. సత్యానికి ఏ మతమూ దారి కాదన్నాడు. వీళ్లందరినీ బలవంతంగా ఒకే దేవుడి కిందికి తోయడం సామరస్యం అనిపించుకోదు.

అపోహ: అన్యమతస్థులకు తిరుమలలో దర్శనం లేదు, కావాలంటే మతం వదులుకోవాలి.

వాస్తవం: దర్శనం ఉంది, డిక్లరేషన్ ఇవ్వాలి. అబ్దుల్ కలాం కూడా సంతకం చేసే లోపలికి వెళ్లారు. ఆ పత్రాన్ని చదవకుండానే చాలామంది దానిపై తగువుకు దిగుతారు. అందులో మీ మతం పేరు నింపాలి. దాన్ని విడిచిపెడుతున్నట్టు ఎక్కడా రాయనక్కరలేదు. నేను ఫలానా మతం వాడిని, అయినా శ్రీ వేంకటేశ్వరుడి పట్ల, హిందూ మతం పట్ల నాకు గౌరవం ఉంది, దర్శనానికి అనుమతించండి అన్నదే దాని సారాంశం.